ఎలుగుబంటి పేజీకి పడ్డ బొక్కలు

గంజి వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఎలుగుబంటి గుర్తొస్తుంది.

నీలం నగర్‌లో పద్మక్క నడిపే పిల్లల లైబ్రరీలో ఒక పద్ధతి ఉండేది. చదివిన పుస్తకంలోంచే మాటలు ఏరి, చిన్న కవితగా కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అది నచ్చినవాళ్లు ఆ పుస్తకం తీసుకునేవాళ్లు. నేనేమో అమ్మ బీడీ ఆకు కోసే కత్తెరతో ఎలుగుబంటి పుస్తకంలోని మాటల్నే కత్తిరించి, గంజితో అంటించాను:

ఎలుగుబంటి
పడవెక్కింది
వానా, ఆగవే

అక్క పేజీ ఎత్తి చూసింది. బొక్కలోంచి ఆమె కన్ను కనిపించింది.

“ఏం పోరివే! పుస్తకాన్ని ఆకు లెక్క కోసినవా?”

“మా ఇంట్ల ఏది జెయ్యాలన్నా ముందు కోస్తరు గదక్కా!”

ఇక నాకు పుస్తకాలివ్వదని ఏడుపు లంకించుకున్నాను.

“ఊకో. ఈ బుక్కు ఎవరు తీస్కపోయినా, నువ్వు కోసినకాడ వెనక పేజీల పోయిన మాటలు నువ్వే చెప్పాలె.”

నాకవి గుర్తుంటేగా! ఒకరికి ఎలుగుబంటి చద్దర్లు నేసిందన్నాను, ఇంకొకరికి పెళ్లికెళ్లిందన్నాను. ఆ పుస్తకం కోసం ఎక్కడో ఉన్న కొంతం చౌక్ దాకా లైను కట్టారంటే నమ్మండి.

ఒకనాడు అక్కే వచ్చి పక్కన కూర్చుంది. “నాకూ చెప్పవే, ఏమైంది ఎలుగుబంటికి?”

అబద్ధమని తెలిసీ నా కథను చివరిదాకా విన్న మొదటి మనిషి ఆమే.