పిల్లికూనకు పసుపుసున్నం

ప్రథమ చికిత్స పాఠం ఎన్నేళ్లుగా చెబుతున్నానో నాకే గుర్తులేదు. కట్టంగూర్‌లో మా బడి పిల్లలను నిద్రలో లేపి అడిగినా "కంగారు పడకూడదు, గాయాన్ని శుభ్రమైన బట్టతో ఒత్తి పట్టాలి" అని అప్పజెబుతారు. పాఠం పంతులుకు ఒంటబట్టిందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

అది ఒక చలికాలం పొద్దున తేలిపోయింది. కూరగాయలు తెచ్చి ఆపిన నా మోటారుబండి ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వేడికి మా మెట్ల కింద ఉండే పిల్లికూన వచ్చి చక్రం పక్కన పడుకుంది. బడికి ఆలస్యమవుతోందని నేను చూసుకోకుండా బండిని వెనక్కి నెట్టాను. చక్రం దాని వెనక కాలి మీదికెక్కింది.

కంగారు పడకూడదని నేర్పినవాణ్ని, "నీళ్లు! నీళ్లు!" అని అరిచి వీధినంతా పోగేశాను. నీళ్లు ఎందుకో నాకూ తెలియదు.

మా వీధిలో పిల్లి ఎదురొస్తే ఇంట్లోకి తిరిగిపోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి గాని కదలనివాళ్లే ఎక్కువ. ఆ రోజు వాళ్లంతా పిల్లి వైద్యులే. ఒకాయన జ్వరం గోలీ సగం వెయ్యమన్నాడు. ఇంకొకాయన పాలు పొయ్యమన్నాడు. పక్కింటి అవ్వ ఇద్దరినీ పక్కకు నెట్టింది.

"గీ గోలీలెందుకు సారూ? కాలు బెణికితే మనమేం పెట్టుకుంటం? పసుపుసున్నం పెట్టు. పొద్దూకేసరికి ఉరుకుతది."

నాకు ఆ మాట నచ్చింది. తప్పు చేసిన చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. అవ్వ తన తమలపాకుల సంచిలోంచి సున్నం ఇచ్చింది. పసుపు కలిపి, ఎర్రగా మారిన ఆ ముద్దను కాలికి పట్టించి, పాత ధోవతి పేలిక చుట్టాను. కట్టు చూడముచ్చటగా కుదిరింది. ఫోన్లో ఫోటో కూడా తీశాను.

మనిషి కట్టును చూసుకుని మురుస్తాడు. పిల్లి నాకుతుంది. అంతమంది వైద్యుల్లో ఒక్కరికీ ఆ సంగతి తోచలేదు. కాసేపటికి దాని నోటినిండా నురగ. కళ్లు మూతలు పడుతున్నాయి. చచ్చిపోతుందేమోనని భయమేసింది. రెండుసార్లూ నా చేతులతోనే చంపుతున్నానని అంతకంటే భయమేసింది.

బండి తాళం తీసి మళ్లీ జేబులోనే పెట్టేశాను. అట్టపెట్టెలో తువ్వాల పరిచి, దాన్ని పడుకోబెట్టి నల్లగొండ ఆటో ఎక్కాను. డ్రైవర్ పెట్టెలోకి తొంగిచూశాడు.

"పిల్లా? అడ్డమొస్తెనే ఆటో ఆపుతం సారూ. గిది ఆటోలనే కూసుంటే ఎట్ల?"

లోపల కూర్చున్న ప్రయాణికుల్లో చర్చ మొదలైంది. పిల్లి ఎదురురావడం దోషం సరే, తోడురావడం కూడా దోషమేనా? చివరికి ఒక ముసలాయన తీర్పు చెప్పాడు. "అది మన ముంగట లేదు, మనతోనే వస్తాంది. ఫికర్ లేదు, పోనియ్." ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ ఒక బర్రెను చూసి, చేతులు కడుక్కుని వచ్చింది. కూన నోరు తడిగుడ్డతో తుడిచి, కట్టు విప్పి, సున్నమంతా కడిగేసింది.

"కాలు అతుకుతది, జర కుంటుతది. గీ నోరు కాలింది మాత్రం బండితోని కాదు సార్, మీ మందుతోని. దెబ్బ తాకితే తువ్వాల చుట్టి, పెట్టెల పెట్టి, కదలకుండ తేవాలె. గంతే. గోలీ గిట్ల ఏసిన్రా?"

లేదన్నాను.

"బతికిచ్చిన్రు. జ్వరం గోలీ పిల్లికి విషం. మీరేం పని చేస్తరు?"

బడిలో పాఠాలు చెబుతానన్నాను. ఏ పాఠమో అడగలేదు, ఆమె పుణ్యం.

పిల్లికూన బతికింది. ఇప్పుడు రోజూ పొద్దున బండి సీటు మీద గట్టిగా తడతాను. అది కిందనుంచి లేచి, ఒళ్లు విరుచుకుని, కుంటుకుంటూ నా ముందునుంచే అడ్డంగా దాటుతుంది. అది మెట్టెక్కేదాకా బండి పట్టుకుని నిలబడతాను. వీధికి ఇది చాలా సంతోషంగా ఉంది. "సారుకు గిప్పుడు నమ్మకం కుదిరింది. పిల్లి అడ్డమొస్తే ఎంతసేపు ఆగుతుండో సూడున్రి" అని పక్కింటి అవ్వ అందరికీ చూపిస్తోంది.

నేను కాదనడం లేదు. ఆ ఆగడమేదో ఆ రోజు ఆగి ఉంటే, అది నాలుగు కాళ్ల మీద దాటేది.