గొడుగు పట్టుకుని రైలెక్కిన మేక

ఈ కథ చెప్పి కనీసం ఇరవై మందిని నవ్వించాను. స్టాఫ్ రూములో చెప్పాను, పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాను, సిలబస్ అయిపోయిన ఒక మధ్యాహ్నం క్లాసులోనూ చెప్పాను. గుండె జబ్బువాళ్ళ జ్ఞాపకశక్తి మీద పరిశోధన జరుగుతున్న ఒక ఆసుపత్రిలో, రోగులందరూ పదికి పది తెచ్చుకుని డాక్టర్లను హడలగొట్టిన కథ అది. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. కానీ ప్రతిసారీ ఒక ముక్క మింగేశాను. ఆ గొడవలో ఒక అమ్మాయికి పని పోయింది. పోగొట్టింది నేను చెప్పిన ఒకే ఒక్క వాక్యం. అది అబద్ధం కూడా కాదు. అందుకే అంత తేలిగ్గా మింగగలిగాను.

నేను అమీర్‌పేటలో బ్యాంకు పరీక్షలకు రీజనింగ్ చెబుతాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఒకరోజు బోర్డు ముందు లెక్క మధ్యలో ఉండగా ఛాతీ పట్టేసింది. "సార్, ఆన్సర్ సీనా, డీనా?" అని ముందు బెంచీ అడుగుతూనే ఉంది, నేను చాక్‌పీసుతో సహా కింద కూర్చుండిపోయాను. పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళి స్టెంట్ వేశారు. స్పృహ బాగా వచ్చాక పిల్లలు చూడటానికి వచ్చి మెల్లగా చెప్పారు, ఆన్సర్ బీ అట.

అసలు భయం ఆ తర్వాత పట్టుకుంది. మళ్ళీ క్లాసుకి వెళ్ళిన మొదటి వారంలోనే, వేలసార్లు చెప్పిన ఒక చిన్న సూత్రం నోటికి రాలేదు. చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గుండె పోతే స్టెంట్ వేస్తారు, బుర్ర పోతే ఏం వేస్తారు? మా ఆవిడకు చెప్పలేదు, ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకు అసలే చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే చెకప్‌కి వెళితే డాక్టర్ గారు తమ స్టడీలో చేరమని అడిగారు. "గుండె దెబ్బతిన్నవాళ్ళలో ఆందోళన జ్ఞాపకశక్తి మీద ఎంత పనిచేస్తుందో చూస్తున్నామండీ. మూడు నెలలకోసారి వస్తే చాలు. ఇందులో పాసూ ఫెయిలూ ఏం లేవు."

పాసూ ఫెయిలూ లేని పరీక్ష ఉంటుందంటే అమీర్‌పేటలో ఎవరూ నమ్మరు. నేనూ నమ్మలేదు. అయినా సంతకం పెట్టాను.

పని పోయిందన్నానే, ఆ అమ్మాయే పరీక్ష పెట్టేది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుందట, అందుకేనేమో మాటలు లయ తప్పకుండా చదివేది. పద్ధతి చెప్పింది. "పది మాటలు మూడుసార్లు చదువుతా సార్. తర్వాత వేరే పనులు చేయిస్తా. ఇరవై నిమిషాలయ్యాక ఎన్ని గుర్తుంటే అన్ని చెప్పండి. టెన్షన్ పడొద్దు."

దిండు, రైలు, నిమ్మకాయ, గొడుగు, ఇటుక, మేక, తాళం, చెరువు, చెప్పు, గంట.

మధ్యలో గడియారం బొమ్మ గీయించింది. చేతికి బీపీ పట్టీ కట్టింది, అది ఇరవై నాలుగు గంటలూ ఉండాలట, తనకు తోచినప్పుడల్లా ఉబ్బుతుంది. ఇరవై నిమిషాలయ్యాక నాకు నాలుగే గుర్తొచ్చాయి. నాలుగు! ఆ నాలుగింట్లో ఒకటైన మేక నన్ను వెక్కిరిస్తున్నట్టు అనిపించింది.

"పర్లేదు సార్, మంచిగనే చెప్పారు" అంది ఆ అమ్మాయి. మాటల్లో తనే చెప్పింది, ఈ స్టడీ సరిగ్గా పూర్తయితే డాక్టర్ గారు తనకు లెటర్ రాసిస్తానన్నారని, పీహెచ్‌డీ సీటుకి ఆ లెటరే తన ఆశంతా అని. "ఆయన ఎవరికీ ఊరికే రాయరు సార్. మిస్టేక్ లేకుండా చేయాలె."

చిత్రం ఏమిటంటే, ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఐదో మాట గుర్తొచ్చింది. మెట్రో స్టేషన్‌లో ఆరూ ఏడూ వచ్చాయి. అమీర్‌పేటలో దిగి జనం మధ్యలో ఒత్తుకుంటూ వస్తుంటే ఎనిమిదీ తొమ్మిదీ. పదోది ఇంటి తలుపు తీస్తుంటే చేతిలోనే దొరికింది, తాళం. బుర్ర ఎక్కడికీ పోలేదు, భయంతో గడియ పెట్టుకుంది, అంతే. నిజానికి వాళ్ళు వెతుకుతున్నది ఇదే. మర్నాడు ఒక ఫోన్ చేసి ఈ మాట చెబితే సరిపోయేది. నేనేం చేశానంటే, పదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ప్రతిసారీ అవే పది మాటలు అడుగుతారని ఆ అమ్మాయి మాటల మధ్యలో అనేసింది. మూడు నెలల్లో ఎవరికీ గుర్తుండవని వాళ్ళ నమ్మకం. పాపం, వాళ్ళు అమీర్‌పేటలో చదువుకోలేదు.

మా పిల్లలకు నేర్పే కిటుకే నేనూ వాడాను. మాటలన్నీ కలిపి ఒక పిచ్చి కథ అల్లాలి. ఒక మేక గొడుగు పట్టుకుని రైలెక్కింది. దిండు లేదని ఇటుక తల కింద పెట్టుకుని పడుకుంది. నిమ్మకాయ వాసన చూస్తుంటే గంట కొట్టారు. కంగారుగా దిగబోతే చెప్పు చెరువులో పడింది. ఒంటి చెప్పుతో ఇంటికొస్తే తలుపుకి తాళం.

రెండోసారి వెళ్ళినప్పుడు గడగడా అప్పజెప్పాను. "సూపర్ సార్! పదికి పది!" అని ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. నాకు గర్వానికో భయానికో తల తిరిగింది. మొహం చూసి కంగారుపడి, "ఆగండి సార్, వాటర్ తెస్తా" అని పరిగెత్తింది. కాగితం ఫైలులో పెట్టి, ఫైలు మూసి, టేబుల్ మీద వదిలి వెళ్ళింది. నేను దాని వైపు కూడా చూడలేదు. చూడాల్సిన అవసరమేముంది, అది మొత్తం నా నోట్లోనే ఉంది.

ఆసారి మా ఆవిడకు కూడా ఒక ఫారం ఇచ్చారు, ఇంట్లో నా తీరు ఎలా ఉందో రాయడానికి. నేను నా ఫారంలో 'ఆందోళనగా ఉంటున్నారా' అన్నచోట 'ఎప్పుడూ లేదు' అని టిక్కు పెట్టాను. ఆవిడ తన ఫారం నింపుతూ నా వైపు చూసింది.

"ఏంటండీ, ఎప్పుడూ లేదా? నిన్న అన్నం తింటూ మేక, గొడుగు అని గొణుక్కున్నది ఎవరు?"

"నెమ్మదిగా!"

"కూర ఎలా ఉందంటే ఇటుక అన్నారు. నేను వంకాయ గురించి అనుకున్నా."

అక్కడితో ఆగి ఉంటే నా ఒక్కడి మార్కులే పాడయ్యేవి. కానీ మంగళవారం బెంచీ ఒకటుంది. మంగళవారాలు పరీక్షకు వచ్చే మా బ్యాచ్ వాళ్ళం ఏడెనిమిది మందిమి బయట వరుసగా కూర్చునేవాళ్ళం. అందులో రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన ఉండేవాడు, నాకంటే పెద్దవాడు, బైపాస్ అయినవాడు. పరీక్ష నుంచి దిగాలుగా బయటికొచ్చాడు.

"మూడే యాదికొచ్చినయ్ సార్. ముప్పై ఏండ్లు స్టేజీలన్నీ నోటికి చెప్పినోణ్ణి. ఇజ్జత్ పోయింది. మీరు కోచింగుల చెప్తరంట గద, జర మాకు సుత చెప్పరాదే?"

ఇరవై ఏళ్ళుగా ఎవరైనా 'చెప్పండి సార్' అంటే చెప్పడమే తెలుసు నాకు. లేచి నిలబడ్డాను. బెంచీ ముందే, చేతిలో చాక్‌పీసు లేదన్న లోటు తప్ప, పూర్తి క్లాసు తీసుకున్నాను. మేక రైలెక్కింది. అందరూ పడీపడీ నవ్వారు. "ఇటుక మీద పండుతదా సార్ మేక?" "ఏసీ టికెట్టు లేదు గదన్నా, పండుతది!" డాక్టర్ గారు అటువైపు వెళ్తూ చూసి, రోగులు ఇంత సంతోషంగా ఉంటే ఆందోళన తగ్గినట్టేనని మురిసిపోయారట.

మూడోసారి బండారం బయటపడింది. బ్యాచ్ అంతా పదికి పది. పైగా కాగితం మీద మొదటి మాట దిండు అయితే, అందరూ మేకతో మొదలుపెట్టి తాళంతో ముగించారు. ఇక మన కండక్టర్ గారైతే ఉత్సాహం పట్టలేక, ఆ అమ్మాయి కాగితం తీయకముందే అందుకున్నాడు.

"మీకెందుకు మేడం తక్లీఫ్, మీరు చదువుడే వద్దు. నేను చెప్త రాసుకోండ్రి. మేక, గొడుగు..."

ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. ఆమే లేచి వెళ్ళి డాక్టర్ గారికి చెప్పింది. దాచాలంటే దాచగలిగేది. దాచలేదు.

మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచారు. కాగితం ఉండేది ఆ అమ్మాయి దగ్గరే కాబట్టి అనుమానమంతా ఆమె మీదే. మార్కులు బాగా కనబడాలని తనే మాటలు చెప్పిందా, లేక కాగితం ఎక్కడో వదిలేసిందా? కండక్టర్ గారు నాకంటే ముందు లోపలికెళ్ళి, ఏమీ చెప్పకుండా బయటికొచ్చాడు. నా చెవిలో, "గురువును పట్టిస్తమా సార్? నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ భరోసా మోసుకుంటూనే నేను లోపలికెళ్ళాను.

ఆ రోజు నా చేతికి బీపీ పట్టీ ఉంది. డాక్టర్ గారి ఎదుట కూర్చున్నాను.

"మీకు మాటలు ముందే ఎలా తెలిశాయండీ?"

"తెలియవు సార్, గుర్తున్నాయంతే."

బుర్రుమని పట్టీ ఉబ్బింది. చేతిని పిండేసింది. దాని నిట్టూర్పు ముగిశాక ఆయన అడిగారు.

"ఆ అమ్మాయి ఎప్పుడైనా కాగితం వదిలేసి బయటికి వెళ్ళిందా?"

"ఒకసారి వెళ్ళింది సార్. నీళ్ళ కోసం."

అంతే. అదే వాక్యం. ఎవరి నీళ్ళో చెప్పలేదు. ఫైలు మూసి ఉందని చెప్పలేదు. నేను ఫెయిలైతే అందరికీ తెలిసిపోతుందన్న భయం తప్ప ఆ గదిలో నాకింకేమీ కనబడలేదు. ఆయన రాసుకున్నారు. మా మంగళవారం బ్యాచ్ మార్కులన్నీ పక్కన పడేశారు. ఆ అమ్మాయిని తీసేశారు. లెటర్ సంగతి ఇక ఎవరు అడుగుతారు? ఆ తర్వాత నుంచి మాటలు కంప్యూటర్ చదివింది. దానికి లయ లేదు. మనకు తల తిరిగితే నీళ్ళు తేదు.

రెండేళ్ళు గడిచాయి. ఈ మధ్యలోనే నేను ఇరవై మందిని నవ్వించాను.

మా అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో గదికీ గదికీ మధ్య గోడ ఉండదు, ప్లైవుడ్ చెక్క ఉంటుంది. ఇవతల నేను రక్తసంబంధాల లెక్క చెబుతుంటే అవతల ఇంకెవరో జావా చెబుతారు. మా పిల్లలకు రెండూ వస్తాయి. ఈ వేసవిలో అవతలి గదిలో క్లినికల్ రీసెర్చ్ కోర్సు మొదలైంది. ఒకరోజు బోర్డు మీద రాస్తుంటే, చెక్క అవతల నుంచి లయ తప్పని గొంతు వినబడింది.

"ఒక్క మిస్టేక్ చాలు, స్టడీ మొత్తం పాడవుతది. నేనే చేశా. టెస్ట్ షీటు టేబుల్ మీద వదిలి నీళ్ళకు పోయిన. రెండు నిమిషాలు. పేషెంట్ ఎవరో చూసేసిండ్రు. వాళ్ళను అననీకి లేదు, పాపం భయంలో ఉంటరు. తప్పు నాది."

నా చాక్‌పీసు ఆగిపోయింది. ముందు బెంచీ, "సార్, ఛాతీ నొప్పా?" అని లేచింది. కాదన్నాను.

మర్నాడు పంజాగుట్ట వెళ్ళి జరిగిందంతా కాగితం మీద రాసి డాక్టర్ గారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. తిడతారనుకున్నాను.

"మొదటిసారి నాలుగే గుర్తొచ్చాయి కదా. మిగతా ఆరు ఎప్పుడొచ్చాయి?"

మెట్లూ, మెట్రో, తాళమూ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"మేం అడిగింది ఇదేనండీ. మీరు మాకు చెప్పకుండా మేకకు చెప్పుకున్నారు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అన్నారు, "నేనూ తొందరపడ్డాను. ఆ అమ్మాయిని ఒకసారి వచ్చి కలవమనండి. లెటర్ నేను రాయాలి."

సాయంత్రం నా క్లాసు అయ్యాక పక్క గదికి వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. చెప్పాల్సింది పది పాయింట్లుగా రాసుకుని వచ్చాను, దారిలోనే వాటిని కలిపి ఒక కథ కూడా అల్లుకున్నాను. పక్కన కూర్చున్న అబ్బాయి, "అంకుల్, మీరు సుత జాయినయిండ్రా?" అని నోట్సు నా వైపు జరిపాడు. ఆ అమ్మాయి పాఠం ముగించి, డౌట్స్ ఏమైనా ఉన్నాయా అని అడుగుతూ అటూ ఇటూ చూసి, నా దగ్గర ఆగింది. ఒక క్షణం పట్టింది గుర్తుపట్టడానికి.

"సార్... మీరా? హెల్త్ ఎట్లుంది? మీకేమన్నా డౌటా?"

లేచి నిలబడ్డాను. పది పాయింట్లలో ఒక్కటీ గుర్తురాలేదు. ఈసారి దాచుకోలేదు. ముందు రోజు ఆమె ఎవరి ఎదుట తన తప్పు అని చెప్పుకుందో, ఆ పిల్లలందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. వాళ్ళు వినేలాగే చెప్పాను.

"డౌట్ కాదమ్మా. నిన్న నువ్వు వీళ్ళకు చెప్పింది తప్పు. ఆ కాగితం ఎవరూ చూడలేదు. నువ్వు ఫైలు మూసే వెళ్ళావు. ఆ నీళ్ళు నాకోసం తెచ్చావు, నాకు తల తిరిగితే. మాటలు నేను విని గుర్తుపెట్టుకుని అందరికీ నేర్పాను. డాక్టర్ గారు అడిగినప్పుడు నువ్వు బయటికెళ్ళావని మాత్రం చెప్పి, మిగిలింది దాచాను. నా భయానికి నీ పని పోయింది. ఇవాళ పొద్దున ఆయనకు రాసిచ్చాను, నిన్ను రమ్మన్నారు. నన్ను క్షమించమ్మా."