ఖాళీ గడిలో నాన్న అక్షరం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు మహా సరదా. ఇప్పటికీ నమ్మను. కంప్యూటర్ తప్పు చేసిందంటే ఎక్కడో మనిషి తప్పు చేసి ఉంటాడనేదే నా లెక్క. ఈ ఒక్క సంగతి దగ్గరే ఆ లెక్క తెగడం లేదు.

ఊళ్లోకి ఫ్లెక్సీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. సత్తెనపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసేవాణ్ణి. అక్కడి కంప్యూటర్లకు విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించి, తెలుగు ఫాంట్లు సరిగ్గా కనబడేలా చూడటం నా పని. ఒత్తులు విడిపోయినా, అక్షరాల చోట డబ్బాలు వచ్చినా అందరూ నా మీదే పడేవాళ్లు.

నాన్న బోర్డులు రాసే ఆర్టిస్టు. ఊళ్లో సగం పురుగుమందుల కొట్ల మీద ఆయన చేతిరాతే. ఫ్లెక్సీలతో పని తగ్గాక, ఆ రాత పోకూడదని ఆయన చేత ఒక్కో అక్షరం రాయించి, స్కాన్ చేసి, ఫాంటు ఫైలులో అక్షరానికో గడి చొప్పున పెట్టి, ఫాంటుగా తయారుచేశాను. అన్నీ రాశాడు, ఒక్క 'ఝ' తప్ప. అది మా చెల్లెలు ఝాన్సీ పేరులోది.

"దాని పెళ్లి కార్డుకేగా కావాల్సింది! సంబంధం కుదరనీరా, అప్పుడు తీరిగ్గా రాస్తా" అన్నాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే గుండెపోటుతో పోయాడు. ఏడాది తిరిగేలోపే పిల్ల పెళ్లి చేసేయాలని పెద్దవాళ్లు తొందరపెట్టారు. సంబంధం కుదిరింది. కార్డంతా నాన్న అక్షరాల్లోనే ఉండాలని ఝాన్సీ పట్టుబట్టింది.

చిక్కేమిటంటే, ఒక ఫాంటులో లేని అక్షరాన్ని లినక్స్ ఇంకో ఫాంటు నుంచి తెచ్చి పెడుతుంది. కార్డంతా నాన్న రాత, పెళ్లికూతురి పేరు దగ్గర మాత్రం ఎవరిదో లావుపాటి అక్షరం.

నాన్న రాతలా ఉండేట్టు ఝ నేనే గీసి చూపించాను. ఝాన్సీ ఒక్క చూపు చూసి, "ఇది నాన్నది కాదన్నయ్యా" అని లోపలికెళ్లి ఏడ్చింది. ఆ వారమంతా ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాను. నాన్న రాసిన బోర్డులూ గోడలూ వెతుక్కుంటూ మోపెడ్ మీద తిరిగాను. ఎక్కడా ఝ దొరకలేదు.

ఇక చేసేది లేక, ఒక మిట్టమధ్యాహ్నం ఆ పరాయి అక్షరంతోనే ప్రింటు తీద్దామని ప్రెస్‌లో కార్డు ఫైలు తెరిచాను.

ఝ నాన్న రాతలో ఉంది. గీత చివర కుంచె కాస్త పైకి లేపే ఆయన అలవాటుతో సహా.

ముందు, అచ్చు ప్లేటు చేయడానికి వాడే బటర్ పేపర్ మీద ప్రింటు తీసేశాను. తర్వాత ఫాంటు ఫైలు విప్పాను. ఝ గడి ఖాళీగానే ఉంది. కంప్యూటర్‌లోని మిగతా ఫాంట్లన్నీ ఒక్కొక్కటే చూశాను, ఆ ఆకారం ఎందులోనూ లేదు. సెట్టింగులన్నీ నేను పెట్టినవే. ఆపి మళ్లీ ఆన్ చేస్తే పాత లావు అక్షరమే వచ్చింది.

బటర్ పేపర్ మీద మాత్రం అలాగే ఉంది. కార్డులు దాంతోనే అచ్చయ్యాయి. ఝాన్సీ తన పేరు మీద వేలు పెట్టి, "రాసే పోయాడన్నమాట! ఎక్కడ దొరికిందన్నయ్యా?" అంది.

"పాత కాగితాల్లో" అని అబద్ధమాడాను.

అది ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. కార్డు మీది అక్షరాన్ని స్కాన్ చేసి గడిలో పెట్టేస్తే ఫాంటు పూర్తవుతుంది. పది నిమిషాల పని. చేయబుద్ధి కావడం లేదు. పూర్తయిపోతే, నాన్నకు మళ్లీ నా దగ్గరికి రావాల్సిన పనేం ఉంటుంది?