సరోజ అంటించిన ప్లాస్టర్ ముక్కలు

నిన్న ఉదయం, స్నానం చేసి మళ్లీ వస్తానని ఐసీయూలో ఉన్న సరోజకు చెప్పి ఇంటికి వచ్చాను. చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఫోన్ మోగింది.

సరోజ లేదు.

సిస్టర్ చెప్పింది అర్థమైంది. అయినా టిఫిన్ బాక్స్ తీసుకునే బయలుదేరాను.

మీకు నా భార్య కడపలో హెడ్ నర్సుగా తెలుసు. ఎలక్ట్రికల్ ఇంజనీరునైన నా డ్రాయింగ్‌ను మొత్తం మళ్లీ గీయించిన ఒకే ఒక్క మనిషి ఆమె.

తను పనిచేసే ఆసుపత్రికి కొత్త బ్లాక్ కట్టినప్పుడు ఎలక్ట్రికల్ డిజైన్ నాది. ఒకే పెద్ద ప్యానెల్ బోర్డు, అన్ని అంతస్తులకూ అక్కడినుంచే లైన్లు. నీట్‌గా ఉందని మురిసిపోయి ఇంట్లో చూపించాను.

"క్యాంటీన్ గ్రైండరూ, నా ఐసీయూ ఒగే బోర్డు మీదనా? దోశపిండి కోసం నా పేషెంట్లు పోవాల్నా?"

జనరేటర్ ఉంది కదా, కొన్ని సెకన్లే అన్నాను.



ఆ ఆదివారం, మే నెల మధ్యాహ్నం, నేను సంగటి ముద్ద నోట్లో పెట్టుకోగానే సరోజ ఇంటి మెయిన్ స్విచ్ ఆపేసింది. ఫ్యాన్ ఆగింది. ముద్ద మింగకుండానే కేకేశాను.

"నీకు నోరుండాది, అరిచినావు. వెంటిలేటర్ మీదుండే మనిషి ఎట్ల అరుస్తాడయ్యా?"

సాయంత్రానికల్లా డ్రాయింగ్ మారింది. మూడు బోర్డులు. ఏది ఏ బోర్డు మీదకో ఆమే తేల్చింది. బ్లాకంతా తిరిగి, కట్లకు వాడే తెల్ల ప్లాస్టర్ ముక్కల మీద పెన్నుతో రాసి గోడలకు అంటించింది.

"ఆగకూడదు" అంటే బ్యాటరీ.
"కాసేపు ఆగొచ్చు" అంటే జనరేటర్.
"ఆగితే ఏం పోదు" అంటే కరెంటు ఉన్నప్పుడే.

ఈ మూడోది పెద్ద డాక్టర్ గారి గదిలో ఏసీకి పడింది.

"ఏం సరోజమ్మా, నేను ఉడికిపోయినా పర్వాలేదా?"

"మీకు కిటికీ ఉండాది కద సార్."

ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించినప్పుడూ ఇదే తంతు. నా టీవీకి మూడో ముక్క.

"మ్యాచి సూడకపోతే ఎవురూ సావరు."

మొన్న మధ్యాహ్నం, సరోజ తన ఐసీయూలోనే పేషెంటుగా ఉండగా, ఆసుపత్రిలో కరెంటు పోయింది. వరండాలో ఫ్యాన్లు ఆగాయి. డిజైన్ చేసిన నేనే ఆమె మంచం పట్టీ పట్టుకుని బిగుసుకుపోయాను. ఆమె మానిటర్ రెప్ప కూడా వేయలేదు.

సరోజ కళ్లు తెరిచింది.

"పెద్ద సారు బయటికొచ్చినాడా?"

తొంగి చూశాను. కేస్ షీటుతో విసురుకుంటూ వరండాలో నిలబడి ఉన్నారు. వచ్చారని చెప్పాను.

"అయితే అంతా సరిగ్గానే ఉండాది. నువ్వు కూసో."

అవే ఆమె చివరి మాటలు.

ఈరోజు ఇంట్లో కూర్చుంటే టీవీ స్విచ్ మీద ఆ ముక్క ఇంకా ఉంది. పడకగదిలో, నా ఉబ్బసానికి నెబ్యులైజర్ పెట్టే ప్లగ్ మీద మరొకటి ఉంది. ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు.

"ఆగకూడదు."

పెట్టుకుంటున్నాను సరోజా, రెండు పూటలా.

ఇక ఏ అలారం మోగినా నువ్వు లేవొద్దు. హాయిగా పడుకో.