మాస్టారి అత్తగారు

పెద్ద హోటల్లో సూపర్‌వైజరు ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి పిలుస్తూ రాసిన ఉత్తరంలో ఆఖరి వాక్యం, "కోటు ధరించి రావలెను." జీతం సంగతి అలా ఉంచండి, ఆ ఉద్యోగంతో పాటు ఒక గది ఇస్తారు. తలుపూ, దానికి లోపలివైపు గడియా ఉన్న గది. మొగుణ్ణి వదిలేసి వచ్చిన నాటి నుంచి ఏడేళ్ళుగా అన్నయ్య ఇంటి ముందుగదిలో, చెప్పుల స్టాండుకీ టీవీకీ మధ్య పడుకుంటున్నాను. మా వదిన సీరియళ్ళు అయ్యేదాకా నాకు నిద్రపోయే హక్కు లేదు. ఆ గడియ కోసం కోటేమిటి, కిరీటం పెట్టుకు రమ్మన్నా వెళ్ళేదాన్ని.

కొత్త కోటు కొనే తాహతు లేదు. బస్టాండు వెనక పాత బట్టల కుప్పల్లో రెండు ఆదివారాలు మోకాళ్ళ మీద కూర్చుని వెతికితే ముదురు నీలం ఉన్ని కోటొకటి దొరికింది. బట్ట మేలైనదే, కానీ నాకు రెండింతలున్న మగమనిషిది. ఇంటర్వ్యూ ఇంకా పది రోజులుంది. ఆ కోటు పట్టుకుని టైలర్ల చుట్టూ తిరిగాను.

మొదటివాడు, "పాతవి మేం ముట్టుకోమండీ" అని ముక్కు మూసుకున్నాడు. వాడు నాకు కొత్తగా కుట్టిన జాకెట్టు తొలి ఉతుకుకే చంకలో పిగిలింది, ఆ రోజు ముక్కెందుకు మూసుకోలేదో. రెండోవాడు కోటునీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఎవరు పోయారమ్మా?" అని పరామర్శించాడు. మూడో ఆవిడది ఏసీ దుకాణం. "దీంతో చేతిసంచీలు కుట్టిస్తే బావుంటుందండీ" అని సలహా చెప్పింది. ఇలాంటివాళ్ళ చేతికి కత్తెర ఎవరిచ్చారో గానీ వాళ్ళని అనాలి.

ఆఖరికి మెయిన్ రోడ్డు మీది మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళో అందరూ ఆయన్ని మాస్టారనే అంటారు. అద్దాల తలుపు, తిరిగే కుర్చీ, ఆయన మెడలో పాలిపోయిన పాత టేపు. ఆ టేపు మెడ దిగి కిందికి రావడం నేనెప్పుడూ చూడలేదు. "బట్ట నాతో మాట్లాడుతుంది మేడమ్" అన్నాడు. నేను పళ్ళు బిగబట్టుకున్నాను. కుర్చీ వెనక పూల తెర ఒకటి ఉంది. దాని వెనక కుట్టుమిషను ఆగి ఆగి మోగుతోంది. మేం మాట్లాడినప్పుడల్లా ఆగుతోంది.

మాస్టారు కోటు తీసుకుని, "కాస్త ఆలోచించి వస్తాను" అని తెర వెనక్కి వెళ్ళి వచ్చాడు. "కుడి భుజం జారిపోయింది మేడమ్. పాత మనిషి ఆ భుజానికి బరువైన సంచీ మోసేవాడు. విప్పి, తడిపి, మూడు రోజులు ఊరికే వేలాడదీయాలి. ఆ ఒంపు పోతేగానీ కత్తెర పెట్టకూడదు" అన్నాడు.

నిజానికి ఆశ్చర్యపోయాను. "మరి చేతుల పొడవు సంగతేమిటండీ?" అన్నాను.

మాస్టారు రెప్పలార్పి, మళ్ళీ ఆలోచించడానికి తెర వెనక్కి వెళ్ళాడు. అప్పుడు అర్థమైంది నాకు ఆ ఆలోచన ఎవరిదో. తెర సందులోంచి ఒక ముసలి చెయ్యి బయటికొచ్చి, బల్ల మీది సుద్దముక్క తీసుకుని లోపలికి పోయింది.

ఆరో రోజున వెళ్తే కోటు తయారుగా ఉంది. తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. కుడి భుజం చేటలా వేలాడుతోంది, కాలరు మెడకి అంటకుండా నిలబడింది, గుండీలు మగవాళ్ళ వైపే ఉన్నాయి.

"ఎవరు కుట్టారండీ ఇది?"

"మా అత్తగారు కంటి ఆసుపత్రికి... అంటే, ఇది నేనే స్వయంగా చూసుకున్నా మేడమ్."

"తెలుస్తూనే ఉంది. మూడు రోజులు వేలాడదీశారా?"

"అదంతా పాతకాలం పద్ధతి. అసలు బట్టే మంచిది కాదు."

ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో. నేను పెట్టిన కేకలకి పక్కన మందుల షాపులోవాళ్ళు కూడా తొంగిచూశారు. నా గదీ, నా గడియా ఈ దద్దమ్మ కత్తెర కింద తునకలైపోయాయని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను.

తెర పక్కకి జరిగింది. గుప్పెడంత మనిషి, ఒక కంటికి దూది కట్టు, రవిక అంచుకి వరసగా గుండుసూదులు. "అల్లుడుగారు తొందరపడ్డారమ్మా" అంది. ఆ 'గారు'లో నేను పెట్టిన కేకలన్నిటి కంటే ఎక్కువ చురక ఉంది. మాస్టారు టేపు సవరించుకుని టీ తాగి వస్తానని వెళ్ళిపోయాడు.

తెర వెనక మిషను, ఒక స్టూలు, ఒక బల్బు, నీళ్ళ గొట్టానికి వేలాడుతున్న ఊరందరి కోట్లు. కిటికీ లేదు. ఆవిడ విరిగిన బ్లేడు ముక్కతో కుట్లు విప్పి లోపల చూసింది. "నయం. ధైర్యం చాలక అంచులు కత్తిరించకుండా వదిలేశాడు. దీన్ని లేపొచ్చు" అంది. "ఇంటర్వ్యూ ఎప్పుడు?"

"నాలుగు రోజులుంది పెద్దమ్మా. మధ్యాహ్నం రమ్మన్నారు."

"మూడు రోజులు వేలాడనీ. నాలుగో రోజు పొద్దున వచ్చి ఇక్కడే కూర్చో. మధ్యాహ్నానికి అందిస్తాను."

నాలుగో రోజు పొద్దున్నే వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. మగ కోటుకి కాజాలు ఒకవైపు, ఆడవాళ్ళ కోటుకి రెండోవైపు. ఆవిడ కోటు లోపలి అంచు నుంచి దారాలు లాగి, ఆ దారాలతోనే పాత కాజాలు పూడ్చింది. ఎక్కడున్నాయో వేలితో తడిమినా దొరకలేదు. ఆ పనంతా ఒంటి కంటితోనే చేసింది.

"ఈ దుకాణం మా ఆయనది. ఆ టేపూ ఆయనదే" అంది, తలెత్తకుండా. "అల్లుడుగారు వచ్చేనాటికి సిమెంటు కొట్లో ఉండేవారు."

"సొమ్మొకడిది, సోకొకడిది. ఎలా ఊరుకున్నారు పెద్దమ్మా?"

"మొగుడు పెద్ద టైలరని చెప్పుకోవడం మా అమ్మాయికి ఇష్టం. నాకు కుట్టుకునే చోటుంటే చాలనుకున్నా. ఈమధ్యే చాలదనిపిస్తోంది. ఈ కన్ను పోతే పని ఆగిపోతుంది. పోయేలోగా నేను కుట్టానని బయట ఒక్కరైనా అంటే వినాలనుంది."

"నేనంటాను! ఎవరడిగినా మీ పేరే చెబుతాను" అన్నాను, గుండెల మీద చెయ్యేసుకుని మరీ.

"చెబుదువుగానిలే. ముందు చెయ్యెత్తు" అంది.

చెయ్యెత్తాను. కోటు నా కోసం పుట్టినట్టు కూర్చుంది.

ఇంటర్వ్యూలో హోటలు మేనేజరు నన్ను పెద్దగా ప్రశ్నలేమీ అడగలేదు. ఆవిడ చూపంతా నా కోటు మీదే ఉంది. లేచి వచ్చి కాలరు పట్టుకుని చూసింది. "మా స్టాఫు కోట్లన్నీ గోనెసంచుల్లా ఉంటున్నాయి. ఇది ఎవరు కుట్టారు?"

పెద్దమ్మ పేరు నాలిక చివరిదాకా వచ్చింది. ఆ పేరు చెబితే ఎవరావిడ అంటారు. పాత కోట్లు బాగుచేస్తారని చెప్పాలి. అయితే ఇది పాతదా అంటారు. బస్టాండు వెనక కుప్ప, కుప్ప పక్కన మోకాళ్ళ మీద నేనూ, అన్నీ ఆ బల్ల మీదికి వస్తాయి. అలాంటిదానికి సూపర్‌వైజరు ఉద్యోగం ఎవరిస్తారు?

"మెయిన్ రోడ్డులో మాస్టారని ఉన్నారండీ. కొలతలిచ్చి కొత్తగా కుట్టించాను" అన్నాను. మాట తడబడనైనా లేదు.

ఉద్యోగం వచ్చింది. గది వచ్చింది, గడియా వచ్చింది. నలభై కోట్ల ఆర్డరు మాస్టారికి వెళ్ళింది. ఆయన పూల తెర పీకేసి చెక్క గోడ కట్టించాడు. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నేను బాగానే ఎరుగుదును. ఊళ్ళో టైలర్లందరినీ చీదరించుకున్న నోటితోనే ఆ దద్దమ్మని మాస్టారన్నాను. వాడైనా అల్లుడి వరసలో ఆవిణ్ణి వాడుకున్నాడు. నేను ఏ వరసలో వాడుకున్నాను? నా మీద నాకు కలిగిన అసహ్యం అప్పటిదాకా ఎవరి మీదా కలగలేదు.

మొదటి విడత కోట్లు తీసుకురావడం నా డ్యూటీయే అయింది. చెక్క గోడకున్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. నా సిఫార్సు సంగతి అల్లుడుగారు అప్పటికే వీధంతా చాటేశారు. పెద్దమ్మ మిషను ఆపలేదు.

"గది ఇచ్చారా?" అంది.

"ఇచ్చారు పెద్దమ్మా."

"కిటికీ ఉందా?"

"ఉంది."

దారం కొరికి, మడిచిన కోట్ల దొంతర నా చేతుల్లో పెట్టింది. "పట్టుకెళ్ళి మాస్టారికి చూపించమ్మా" అంది. "బాగా కుట్టారని కూడా ఆయనతోనే చెప్పు."