మధ్యలోంచి తీసిన మచ్చు

కడపలో మాది బియ్యం, పప్పుల అంగడి. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక స్నేహితురాలు నాకొక క్యాసెట్ రికార్డు చేసి ఇచ్చింది. ఏదో విదేశీ రాక్ బృందం. పాడేది ఆడమనిషి. అన్నీ యేసు మీద పాటలే, కానీ ఆమె వేడుకోదు, నిలదీస్తుంది. వింటున్నావా లేదా, ఇవాళ తేల్చు అన్నట్టు గొంతు చించుకుంటుంది. ఆటోవాణ్ణి ఎంత తీసుకుంటావని అడగడానికే గొంతు పెగలని నాకు ఆమె మీద భక్తి కుదిరింది.

ఒకరోజు మిద్దె మీద వాక్‌మన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, హల్లెలూయా అంటూ పెదవులు కదుపుతూ మా అవ్వ కంట పడ్డాను. మా ఇంట్లో ఆడపిల్ల కళ్లు మూసుకుంటే నిద్రన్నా పోవాలి, పూజన్నా చేయాలి. మూడోది లేదు.

"ఒరేయ్! బిడ్డ మతంలో కలిసిపోతాండాదిరా!" అని అవ్వ కింద అంగట్లో ఉన్న నాయనకు వినబడేలా అరిచింది. వీధికి కూడా వినబడింది, అది ఉచితం.

నాయన మిద్దె ఎక్కొచ్చి క్యాసెట్ లాక్కున్నాడు. "చర్చి పాటలైతే పొయ్యిలో ఏస్తా."

నాయన ఏ బస్తానూ మూతి విప్పి చూసి కొనడు. పైన ఎవరైనా మంచి గింజలే పోస్తారంటాడు. పక్కనుంచి ఇనుప గొట్టం గుచ్చి మధ్యలోంచి మచ్చు తీస్తాడు. క్యాసెట్‌కూ అదే మర్యాద జరిగింది. అంగట్లో టేప్‌రికార్డరులో పెట్టి, సగందాకా తిప్పి, మీట నొక్కాడు.

మొదటి పాట నిండా హల్లెలూయాలే. మధ్యలో మాత్రం డ్రమ్ములు, గిటార్లు, ఆమె కేకలు. కందిపప్పుకు వచ్చిన పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"ఏమప్పా శెట్టీ, మిషను చెడిపోయిందా?"

నాయన కాసేపు విని తీర్పు చెప్పాడు. "ఇది ప్రార్థన కాదులేమ్మా. దేవుణ్ని ఎవురన్నా ఇట్ల కొట్లాటకు పిలుస్తారా? పాపం, ఈయమ్మకు ఇంట్లో ఏదో బాధ ఉండాది."

క్యాసెట్ నా చేతికొచ్చింది. అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. నేను చర్చి పాలు కాకుండా మన ఆచారం నిలబడాలని గురువారం నన్ను దర్గాకు తీసుకెళ్లి, నెమలీకలతో దిష్టి తీయించి, తాయెత్తు కట్టించింది.

ఆ సాయంత్రం తాయెత్తుతోనే మిద్దె ఎక్కి, మొదటి పాట దాకా వెనక్కి తిప్పాను. ఈసారి కళ్లు తెరుచుకునే విన్నాను. పెదవులు మాత్రం నా మాట వినలేదు.