తలకిందులైన అక్షరాలు

నేను ఒకావిడ చేత చదవడం మాన్పించాను. ఈ మాట ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అనలేదు, ఇంట్లోవాళ్ళతో కూడా. లోపలే మోస్తూ వచ్చాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

అమలాపురంలో ఒక కంటి ఆసుపత్రిలో పనిచేస్తాను. మామూలు కళ్ళజోడుతో లాభం లేనంతగా చూపు తగ్గినవాళ్ళకి భూతద్దాలు ఇచ్చి, వాటితో చదవడం నేర్పడం నా పని. చేరిన కొత్తలో తాటిపాక దగ్గరి ఊరినుంచి ఒకావిడ వచ్చారు. కరుణమ్మగారు అందాం, అసలు పేరు అది కాదు. రిటైరైన టీచరు. ప్రతి ఆదివారం వాళ్ళ చర్చిలో బైబిలు పాఠం చదివేది ఆవిడే. రెటీనా మధ్యభాగం దెబ్బతిని, ఎటు చూస్తే అక్కడే మసక కమ్మేస్తోంది. పక్కచూపు మాత్రం మిగిలింది.

"నాకు టీవీ అదీ అక్కర్లేదండి. ఆదివారం ఆ ఒక్క పేజీ చదవగలిగితే చాలు," అన్నారు.

ఆవిడకి సరిపోయేది బాగా పవరున్న చిన్న అద్దం. దాంతో చదవడానికి ఒక పద్ధతి ఉంది. అద్దాన్ని దాదాపు కంటికి ఆనించి పట్టుకోవాలి. అక్షరం తేటపడేదాకా పుస్తకాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకోవాలి. చూపు కాస్త పక్కకి తిప్పాలి. నోటితో చెబితే వచ్చేది కాదు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని నేర్పాలి. ఆ రోజు వరండా నిండా జనం. నాకు ఆకలిగా ఉంది. అద్దం ఆవిడ చేతిలో పెట్టి, దీంతో కనబడుతుంది లెండి అని పంపేశాను.

అంతవరకే అయితే ఇది రాసేదాన్ని కాదు.

కొన్ని వారాలకి ఆవిడ మళ్ళీ వచ్చారు, అద్దాన్ని రుమాల్లో చుట్టుకుని. డాక్టరుగారు నా గదిలోనే ఉన్నారు.

"ఇది ఇంకెవరికైనా పనికొస్తుందేమో ఉంచమ్మా," అన్నారు కరుణమ్మగారు. "నాకు అక్షరాలు తలకిందులుగా కనపడుతున్నాయి. చర్చిలో అందరి ముందూ నిలబడి ఒక్క ముక్క చదవలేకపోయేను."

నాకు వెంటనే తెలిసిపోయింది. ఆ అద్దాన్ని కంటికీ పేజీకీ దూరంగా పట్టుకుంటే అక్షరాలు తలకిందులుగానే కనిపిస్తాయి. తప్పు ఆవిడ కళ్ళది కాదు.

డాక్టరుగారు నావైపు తిరిగి, "ఎలా పట్టుకోవాలో నేర్పేరా?" అన్నారు.

"ఆయ్, నేర్పేనండి," అన్నాను.

ఆయన బయటికి వెళ్ళిపోయారు. గదిలో మేమిద్దరమే మిగిలాం. అప్పుడైనా కుర్చీ దగ్గరికి లాక్కుని చూపించి ఉండొచ్చు. కానీ చూపిస్తే చదివేస్తారు, చదివితే ఆ సంతోషంలో, ఈ అమ్మాయి ఇప్పుడే నేర్పిందండీ అని డాక్టరుగారితో అంటారు. ఇదంతా ఆ క్షణంలో నిజంగా ఆలోచించానా, లేక నన్ను నేను అర్థం చేసుకోవడానికి తర్వాత అల్లుకున్నానా? చెప్పలేను. గోడమీది చార్టు చదివించాను. మొదటిసారి చదివిన వరుస దాకా చదివారు. చూపు ఏమాత్రం తగ్గలేదు.

"మీ చూపు ఇంకా తగ్గిపోయిందండి," అన్నాను. "ఇక ఏ అద్దమూ పనిచెయ్యదు."

ఆవిడ ఖాళీ రుమాలు మడతపెట్టుకున్నారు. "మరైతే పాఠం ఇంకొకళ్ళకి అప్పగించేస్తానమ్మా," అని లేచారు. గుమ్మం దగ్గర తడబడుతుంటే నేనే చెయ్యి పట్టుకుని దాటించాను.

దేనికి భయపడ్డాను? ఉద్యోగం పోయేది కాదు. డాక్టరుగారు నాలుగు మాటలనేవారు, అంతే. ఆ నాలుగు మాటలు పడలేకపోయానా?

కొన్నేళ్ళకి రాజోలులో ఒక పెళ్ళిలో ఆవిడ కనిపించారు. నా గొంతు విని గుర్తుపట్టారు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని పక్కావిడతో అన్నారు: "అందరూ ఆ మందు వాడండి, ఈ ఊరెళ్ళండి అని ఆశపెట్టేరండి. ఈ అమ్మాయొక్కతే నాకు నిజం చెప్పింది."

నేను నవ్వాను. అవును, నవ్వాను. పక్కచూపు అప్పటికీ మిగిలే ఉందేమో, మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి కూర్చుంటే మళ్ళీ చదివేవారేమో. వెళ్ళలేదు. మొదటిసారి భయంతో అబద్ధమాడాను. ఈసారి ఆ భయం కూడా లేదు. నిజం చెప్పిన మనిషినన్న పేరు ఆవిడ దగ్గర పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

మరుసటి ఏడు ఆవిడ పోయారని విన్నాను.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చినవాళ్ళని, చదవగలిగేదాకా లేవనివ్వను. ఎంత ఓపికమ్మా అంటారు. ఏం చెప్పను వాళ్ళకి?

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఇది రాశాక గుండెల్లో కాస్త తేలిగ్గా ఉంది. ఆ తేలిక నాకు తగినదో కాదో తెలీదు. తెలిసిందొకటే. ఆవిడ చదవగలిగేవారు. ఆ సంగతి తెలిసే, చదవలేరని చెప్పాను.